రొయ్యపిల్లలు ఇచ్చిన సర్టిఫికెట్

2023వ సంవత్సరం, ఎండలు ముదిరిన రోజులు. తోటపల్లి గూడూరులో మండలాఫీసుకు నాలుగు కొట్ల అవతల నాదొక ఇంటర్నెట్ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను, వాటి మధ్య నేను. వీటిలో ఎక్కువగా మొరాయించేది ప్రింటరని ఊరంతా అనుకుంటుంది. మా ఆవిడ సుభాషిణి అభిప్రాయం వేరు.

ఇదే కొట్లో మా నాన్న చేపల వలలు అమ్మేవాడు. నేను వచ్చాక బోర్డు మార్చాను గానీ, నిజానికి రెండు తరాలుగా మాది నెట్ వ్యాపారమే. తేడా ఒక్కటే. ఆయన అమ్మిన వలల్లో ఏదో ఒకటి పడేది. నేను పదమూడేళ్ళుగా జనం తరఫున వేస్తున్న వలలో అప్పటికి ఒక్క కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమూ పడలేదు. నా దగ్గర మొదటిసారి అప్లై చేసినవాళ్ళలో చాలామంది ఇప్పటికీ అప్లై చేస్తూనే ఉన్నారు. వాళ్ళ నమ్మకానికి నా జోహారు.

ఆన్‌లైన్ అప్లికేషన్ నింపడమంటే టైపు కొట్టడమేగా అనుకుంటారు బయటివాళ్ళు. టైపు చివరి పని. ముందు నోటిఫికేషన్, అంటే ఖాళీల ప్రకటన, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. వయసు సరిపోతుందా, చదువు సరిపోతుందా, రిజర్వేషను ఎవరికి ఎంత అన్నది చూడాలి. ఫొటోనీ సంతకాన్నీ వాళ్ళు అడిగిన కొలతకు కుదించాలి. ఓటీపీ అని ఫోనుకు ఆరంకెలు వస్తాయి, అవి చెల్లిపోయేలోగా కొట్టాలి. మా వైపు ఆడవాళ్ళు పనిమీద ఇక్కడికొస్తే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను చెరువుల దగ్గర భర్త జేబులో ఉంటుంది. ఆరంకెలు అక్కడ మోగుతాయి, మేమిక్కడ మూలుగుతాం.

అందుకని మాలాంటి సెంటర్లు ఒక అడ్డదారి కనిపెట్టాయి. అభ్యర్థి పేరుతో మెయిల్ మేమే తయారుచేస్తాం, పాస్‌వర్డ్ మేమే పెట్టి ఒక పొడుగు నోట్‌బుక్కులో రాసుకుంటాం. ఫోను నంబరు మా ఇంట్లోవాళ్ళది ఇస్తాం. సుభాషిణికి పొయ్యి మీద పోపు, ఫోనులో ఓటీపీ ఒకేసారి వచ్చేవి. రెంటిలో ఏదో ఒకటి మాడేది. ఈ పద్ధతి వల్ల ఒక చిన్న చిక్కుంది. ఉత్తరం ఎవరికి వచ్చినా, తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది. పదమూడేళ్ళలో ఆ చిక్కు నాకు తట్టలేదు, ఎందుకంటే వచ్చిన ఉత్తరమంటూ ఏదీ లేదు.

ఆ ఎండల్లో ఒక మధ్యాహ్నం కాశింబీ వచ్చింది. నూర్‌బాషా, అంటే దూదేకుల, వాళ్ళమ్మాయి. భర్త ఖాదర్ బస్టాండు వెనక వీధిలో పరుపులు కుడతాడు. ఆమె డిగ్రీ చదివి, సముద్రం వైపున్న ఒక హేచరీ ఆఫీసులో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. హేచరీ అంటే తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి చెరువుల రైతులకు అమ్మే చోటు. ఆ పిల్లల్నే సీడ్ అంటారు.

"పెంచలన్నా, ఎయిర్‌పోర్టులు నడిపే గవర్నమెంటు కంపెనీ ఉంది గదా, దాంట్లో ఆఫీసు అసిస్టెంటు పోస్టులు పడినాయి. అప్లై చేయాల."

"ఎయిర్‌పోర్టా తల్లీ! మనకు బస్టాండే సరిగా లేదే."

"బస్టాండులో పోస్టులు పడితే దానిక్కూడా చేస్తాలే. ముందు ఇది చూడు."

చూశాను. డిగ్రీ ఉండాలి, టైపింగ్ రావాలి, ఆఫీసు పనిలో కనీసం రెండేళ్ళ అనుభవం ఉండాలి. వయసు దగ్గర ఆగాను. ఓబీసీ సడలింపు కలుపుకున్నా, ఆమెకు మిగిలింది రెండు నెలలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఆమె వేయగల మొదటి అప్లికేషనూ చివరి అప్లికేషనూ ఇదే. ఆ మాట పైకి అనకుండా కీబోర్డు వైపు తిరిగాను.

"అదే గదన్నా నా బాధ, పెళ్ళి, పాప, పని అనుకుంటా ఇన్నాళ్ళూ జరిపినా. ఇంక జరిపేదానికి చోటు లేదు," అంది తనే.

అనుభవం గడి దగ్గరికి వచ్చాం.

"హేచరీలో ఏం చేస్తావు?"

"అన్నీ చేస్తా."

"అన్నీ అని రాస్తే ఒప్పుకోదు. వంద అక్షరాల్లోపల చెప్పాల."

"ఆరేళ్ళని వంద అక్షరాల్లోనా? సీడ్ పెట్టెలు సూరత్‌కి, కలకత్తాకి విమానంలో పోతాయన్నా. ఆ బుకింగు, కాగితాలు, ఫోన్లు అన్నీ నేనే. ఆరేళ్ళుగా పిల్లల్ని విమానం ఎక్కిస్తా ఉండా. నేను మాత్రం ఎయిర్‌పోర్టు గేటు కూడా చూళ్ళేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఆ గడిలో ‘ఆఫీసు పని, రికార్డులు’ అని కొట్టి ముందుకు పోయాను. అంత మంచి మాట విని కూడా అంత చప్పగా రాశానంటే, అది పదమూడేళ్ళ సాధన.

వానలు మొదలయ్యాక వెబ్‌సైటులోంచి హాల్ టికెట్టు తీసిచ్చాను, నెల్లూరులో పరీక్ష రాసింది. ఆ మర్నాటి నుంచి పని ముగించుకుని రోజూ ఒక అరగంట నా రెండో కంప్యూటరు మీద టైపింగ్ సాధన. పరీక్ష నెగ్గినవాళ్ళకు తర్వాత టైపింగ్ పరీక్ష ఉంటుంది. ఫలితం రాకముందే దాని కోసం కష్టపడుతుంటే నాకు జాలేసేది. వెళ్ళేటప్పుడు వారానికోసారి అడిగేది.

"అన్నా, మెయిల్ ఏమన్నా వచ్చిందా?"

"రాలేదమ్మా."

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ మాట చెప్పిన వారాల్లో నేను ఒక్కసారి కూడా ఆమె మెయిల్ తెరిచి చూడలేదు. బద్ధకం కాదు. బద్ధకమైతే కాస్త సిగ్గుతో పోయేది. వచ్చేది ఉంటే కదా చూడటానికి అన్న ధీమా. ఇక్కడ నింపిన ఫారాలు ఎక్కడికి పోతాయో నాకు తెలుసని, ఎక్కడికీ పోవని, నాకు నేనే తేల్చేసుకున్నాను. ఇంట్లో సుభాషిణి ఫోనుకు ఎస్సెమ్మెస్ కూడా వచ్చే ఉంటుంది. రోజుకు నలభై వచ్చే ఫోనులో ఆవిడ చదవడం మానేసి ఏళ్ళయింది.

ఒక శుక్రవారం పొద్దున కాశింబీ పనికి పోతూ సెంటరులోకి వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"రాలేదనే చెప్తావులే. అయినా ఒకసారి తెరువు. నా కళ్ళతో చూసి పోతా."

తెరిచాను. వచ్చింది. పదకొండు రోజుల కిందట వచ్చింది. పరీక్షలో అర్హత సాధించారు, సర్టిఫికెట్ల పరిశీలనకూ టైపింగ్ పరీక్షకూ మంగళవారం పది గంటలకు చెన్నైలోని ఆఫీసుకు హాజరు కావాలి, రాకపోతే ఇంకో అవకాశం ఉండదు. ఆ రోజుతో కలిపి చేతిలో ఉన్నవి నాలుగు రోజులు.

నా సెంటరు నుంచి తొలిసారి ఒకరు నెగ్గారు. ఆ గెలుపును పదకొండు రోజులు నేనే తాళం వేసి ఉంచాను.

"సర్వరు... సర్వరు లేటు చేసినట్టుంది," అన్నాను.

ఆమె తెర వైపు కాసేపు చూసింది. "ప్రింటు తీయన్నా," అంది. ప్రింటరు కూడా ఆ రోజు నోరెత్తకుండా పనిచేసింది. తర్వాత, "పాస్‌వర్డు ఎట్ల మార్చాల్నో చూపించు," అంది. చూపించాను. ఆమె కొత్తది కొట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆ మర్యాద పాటించడం నా వృత్తి జీవితంలో అదే మొదటిసారి.

తేవలసిన పత్రాల పట్టీ చదివాం. డిగ్రీ ఉంది. కేంద్రం వాళ్ళ నమూనాలో కులధ్రువీకరణ పత్రం ఎండాకాలమే తీయించింది. చిక్కల్లా అనుభవం దగ్గర. పనిచేసిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్టు కావాలి. దానికి తోడు అపాయింట్‌మెంట్ ఆర్డరో, జీతం స్లిప్పులో, లేదా అక్కడ పనిచేసినట్టు చూపే మరే రికార్డో కావాలి. కాశింబీ దగ్గర ఇవేవీ లేవు. మా తీరంలో హేచరీలు, ఐసు ఫ్యాక్టరీలు, చెరువులు అన్నీ నోటిమాట మీద నడుస్తాయి. "రేపట్నుంచి వచ్చెయ్" అంటే అది అపాయింట్‌మెంట్ ఆర్డరు. "రేపట్నుంచి రాబాక" అంటే రిలీవింగ్ లెటరు.

కొట్టు మూసి ఆమెతో పాటు హేచరీకి పోయాను. యజమాని మస్తాన్ రెడ్డి గారు చెడ్డమనిషి కాదు. కాకపోతే ఇన్నేళ్ళలో ఏ పనివాడికీ ఏ కాగితమూ రాసిచ్చి ఎరగడు.

"సర్టిఫికెట్టా? ఎందుకంట? నువ్వు ఈడ పనిచేస్తావని ఊరందరికీ తెలుసు గదా."

"చెన్నైవాళ్ళకి తెలీదు సార్."

"ఫోన్ చేయమను. చెప్తా."

నేను గొంతు సవరించుకుని, "రెడ్డి గారూ, రూలు ప్రకారం..." అని మొదలుపెట్టాను.

"పెంచలయ్యా, నువ్వు మాట్లాడబాక. పాన్ కార్డు ఫారంలో నన్ను ఆడమనిషిని చేసినోడివి నువ్వు. ఇంకో ఆడమనిషికి సాయం చేసేదానికి వచ్చినావా?"

నా రూలు అక్కడితో ముగిసింది. రెడ్డి గారు ఆమె వైపు తిరిగారు. "ఒకరికి రాసిస్తే రేపు అందరూ అడుగుతారు. అయినా నువ్వు పోతే సూరతోళ్ళతో ఎవరు మాట్లాడతారు? నాకు హిందీ రాదు. నేను తిట్టేది వాళ్ళకు అర్థం కాదు."

"మాట్లాడేదాన్ని ఒకదాన్ని తయారుచేసి పోతా సార్. నేను మంచిదాన్నని రాయొద్దు, బాగా చేస్తానని రాయొద్దు. ఆరేళ్ళు ఈడ ఉండానని రాయండి, చాలు. నేను ఉండింది నిజమా కాదా?"

రెడ్డి గారు టవలుతో మెడ తుడుచుకున్నారు.

"నిజమే," అన్నారు చివరికి. "నువ్వే రాసుకొని తే, సంతకం పెడతా. నా ఉత్తరాలన్నీ రాసేది నువ్వే గదా."

అలా కాశింబీ తన సర్టిఫికెట్టు హేచరీ లెటర్‌హెడ్డు మీద తనే టైపు చేసుకుంది. చేరిన నెల, చేసే పని, అంతే. తనకు తాను రాసుకున్న కాగితంలో ఒక్క పొగడ్త లేదు. నేనైతే ఇంకో పేజీ అడిగి ఉండేవాణ్ణి.

సంతకం అయింది గానీ నాకు దిగులు పోలేదు. ఆ లెటర్‌హెడ్డు నా సెంటరులో తయారైందే. పైన మీసాలు దువ్వుతున్న రొయ్య బొమ్మ కూడా నా కళాసృష్టే. అలాంటిది ఎవరికైనా పది నిమిషాల్లో తయారుచేసి ఇవ్వగలను. నేను ఇవ్వగలనని చెన్నైలో కూర్చున్న ఆఫీసరుకు మాత్రం తెలియదా?

"దీనికి తోడు ఇంకేదో ఉండాల కాశింబీ. నీ పేరుతో ఒక్క కాగితం కూడా లేదా?"

ఆమె గోడవారనున్న ఇనుప బీరువా వైపు చూసింది. "నాకు లేదన్నా. సీడ్‌కి ఉండాది."

అప్పుడు చెప్పింది. విమానంలో పోయే ప్రతి సరుకుకూ కార్గో డిక్లరేషన్ అని ఒకటుంటుంది. పెట్టెల్లో ఏముంది, ఎన్ని ఉన్నాయి, ఎన్ని గంటలకు ప్యాక్ చేశారు అని పంపేవాళ్ళు సంతకం చేసి ఇచ్చే హామీ పత్రం. అది వ్యానుతో పాటు చెన్నై ఎయిర్‌పోర్టు సరుకుల షెడ్డుకు పోతుంది. అక్కడ తేదీతో, టైముతో ముద్ర వేసి ఒక కాపీ వెనక్కి పంపుతారు. పంపేవారి తరఫున సంతకం ఆరేళ్ళుగా ఆమెదే. కింద పేరు, పక్కన ‘ఆఫీసు ఇన్‌చార్జి’ అన్న మాట.

నాలుగు రోజులు బతుకుతుందో లేదో తెలియని రొయ్యపిల్లకు పెట్టెలో పెట్టిన గంట దగ్గర్నుంచి కాగితం ఉంది. దాన్ని పంపిన మనిషికి లేదు. ఆ మనిషి పేరు ఆ రొయ్యపిల్లల కాగితాల్లోనే ఉంది.

శనివారం పొద్దున ముగ్గురం బీరువా ముందు చాప పరుచుకుని కూర్చున్నాం. ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపట్టి కాగితాలు ఒకదానికొకటి కరుచుకుపోయాయి. ఒక్కో నెలకు ఒకటి చొప్పున, ముద్ర స్పష్టంగా ఉన్నది ఏరాలి. ఆరేళ్ళకు డెబ్భై రెండు. నిన్న కాగితమే వద్దన్న రెడ్డి గారు ఈ రోజు ఏ కాగితాన్నీ వదలడం లేదు. ప్రతిదీ కళ్ళజోడు పైకెత్తి చదవడం, ఏ రైతు ఎలా సతాయించాడో చెప్పడం.

"ఇదిగో, ఈ రోజు!" అని ఒకటి పట్టుకుని నిటారుగా కూర్చున్నారు. "పెంచలయ్యా, ఇది విను. తుఫాను. చెన్నైలో సూరత్ విమానం కేన్సిలు. నూట ఇరవై పెట్టెలు షెడ్డులో ఇరుక్కుపోయినాయి. కవర్లలో ఆక్సిజన్ ఇంకొన్ని గంటలకంటే ఉండదు. నేను తలకాయ పట్టుకొని కూర్చున్నా. ఈ అమ్మాయి ఏం చేసిందో తెలుసా? ఒక చెవికి షెడ్డోళ్ళని, ఇంకో చెవికి సూరతోళ్ళని పెట్టుకొని, ఈడ ఇంగ్లీషు, ఆడ హిందీ. వాన తెరిపిచ్చినాక బొంబాయి పోయే విమానంలో ఎక్కించింది. రైతును వ్యానేసుకొని బొంబాయికే రమ్మనింది."

"ఎన్ని బతికినాయి?"

"నాకేం తెలుసు? సూరతోడు ఫోన్ చేసి తిట్టలేదు. అంటే బతికినట్టే."

కాశింబీ తల వంచుకుని పిన్నులు పీకుతోంది. రెడ్డి గారు ఆమె వైపు చూశారు, చేతిలో కాగితం వైపు చూశారు. "ఆ సర్టిఫికెట్టు ఈడ తే," అన్నారు. సంతకం పక్కన మిగిలిన జాగాలో, స్వహస్తాలతో, తెలుగులో ఒక వాక్యం రాశారు. ‘ఈమె లేని రోజు మా ఆఫీసుకు సెలవు.’ ఇంగ్లీషు సర్టిఫికెట్టుకు తెలుగు తోక చెల్లుతుందో లేదో నాకు తెలియదు. చెరిపేయమని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఆదివారం వాటన్నిటినీ నెలల వరుసలో పేర్చి, నంబర్లు వేసి, ముందు ఒక విషయసూచిక పెట్టి స్పైరల్ బైండింగు చేశాను. నా సెంటరులో నాకు నిజంగా వచ్చిన విద్య అదొక్కటే. సోమవారం మధ్యాహ్నం బండికి కాశింబీ, ఖాదర్ బయలుదేరారు. పిలవకపోయినా నేనూ ఎక్కాను. పుస్తకం మోయడానికని చెప్పాను. మోస్తున్నది పుస్తకం ఒక్కటే కాదు. ఆ సాయంత్రం చెన్నైలో ఖాదర్ వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో దిగాం.

మంగళవారం పది గంటలకు ఆమె లోపలికి పోయింది. అభ్యర్థులు తప్ప ఎవరూ రాకూడదన్నాడు గార్డు. ఖాదర్, నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఖాదర్ మాట పొదుపు మనిషి. బెంచీ మెత్తను బొటనవేలితో నొక్కి, "పీచు. దూది కాదు," అన్నాడు. తర్వాత రెండు గంటలు ఏమీ అనలేదు. నాకు మాత్రం లోపల ఒక మాట కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఆ పదకొండు రోజుల సంగతి ఇతనికి చెప్పేస్తే సగం బరువు దిగుతుంది. నోరు తెరిచినప్పుడల్లా, "టీ తాగుదామా?" అనే వచ్చింది. నాలుగు టీలయ్యాయి.

మూడు గంటలకు కాశింబీ బయటికి వచ్చింది. మెట్ల మీద నిలబడి ముందు పెద్దగా గాలి పీల్చుకుంది.

"టైపింగు పాసు," అంది. "నీ కీబోర్డు మీద నేర్చుకున్నాక ఇంక ఏ కీబోర్డు మీదైనా కొట్టొచ్చన్నా. ఆడ అక్షరాలు కనిపిస్తా ఉండాయి!"

"సర్టిఫికెట్లు?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

మెట్ల మీదే కూర్చుని చెప్పింది. పరిశీలనకు కూర్చున్నది ఒక పెద్ద మేడం. రొయ్య మీసాలు చూసి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఇలాంటి లెటర్లు పొద్దుట్నుంచి చాలా చూశాను, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉందా అంది. లేదు. జీతం స్లిప్పు? లేదు. మరి నువ్వు అక్కడ పనిచేశావని నేనెలా నమ్మాలి?

"నేను పుస్తకం తీసి బల్ల మీద పెట్టినా. ఆమె ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. ముద్ర మీద వేలు పెట్టి, ఇది ఎక్కడిదని అడిగింది. మీ ఎయిర్‌పోర్టు సరుకుల షెడ్డుదే మేడం అన్నా."

మేడం ఆ షెడ్డు వ్యవహారాలు తెలిసిన ఒక ఆఫీసరును పిలిపించింది. ఆయన పుస్తకంలోంచి తనకు తోచిన కాగితాలు మూడు ఎంచుకున్నాడు. మూడో దాని మీద తేదీ చూసి ముఖం మార్చాడు. అది తుఫాను రోజుది.

"ఈ రోజు సూరత్ విమానం పోలేదు. నాకు గుర్తుంది, నేను డ్యూటీలో ఉన్నా. పోని విమానానికి ముద్ర ఎట్ల పడిందమ్మా అన్నాడు. మేడం పెన్ను మూసి పక్కన పెట్టేసింది."

ఖాదర్ నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు.

"అంతా చెప్పినా. ముద్ర పడినాక విమానం కేన్సిలయిన సంగతి, ఆక్సిజన్ సంగతి, ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేసింది, బొంబాయి విమానంలో ఎన్ని పెట్టెలకు చోటిచ్చినారు, మిగతావి దాని తర్వాత విమానంలో ఎట్ల పోయినాయి, అన్నీ. ఆయన కంప్యూటరులో వెతికినాడు. చానాసేపు వెతికినాడు. వెతికి, మేడం వైపు తిరిగి, ‘కరెక్టే. పెట్టెల లెక్కతో సహా కరెక్టు’ అన్నాడు. మేడం మళ్ళీ పెన్ను తీసింది."

"తీసి?"

"వెరిఫైడ్ అని రాసి సంతకం పెట్టింది. నేను లేచి వస్తా ఉంటే ఆయన వెనక నుంచి పిలిచినాడు. ఏమిటా అని మళ్ళీ భయపడినా. ‘అవునమ్మా, ఆ పిల్లలు బతికినాయా?’ అన్నాడు. బతికినాయి సార్ అన్నా."

ఖాదర్ మోచేయి వదిలి, టవల్లో ముఖం దాచుకున్నాడు. నేను ఇక ఆగలేకపోయాను. గెలిచి వచ్చిన మనిషి ముందు ఇంకో నిమిషం ఆ అబద్ధంతో నిలబడటం నావల్ల కాలేదు.

"కాశింబీ, ఒక మాట. సర్వరు లేటు చేయలేదమ్మా. నేనే ఇన్నాళ్ళూ మెయిల్ తెరవలేదు. చూడకుండానే రాలేదని చెప్పినా."

"తెలుసన్నా," అంది, చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ. "మెయిల్ మీద తేదీ ఉంటాది గదా. నేను డిగ్రీ చదివినా."

"మరి ఆ రోజే ఎందుకు అడగలేదు?"

"అడిగితే నాలుగు రోజులూ నువ్వు ఏడుస్తా కూర్చుంటావు. ప్రింట్లు తీసేదెవరు, బైండింగు చేసేదెవరు? పని అయినాక తిడదాంలే అనుకున్నా. ఇప్పుడు చూస్తే తిట్టబుద్ధి కావడం లేదు. టీ ఇప్పించు."

అది నా ఐదో టీ. అంత మంచి టీ నేను మళ్ళీ తాగలేదు.

కొన్ని వారాల తర్వాత ఎంపిక జాబితా వచ్చింది. ఈసారి మెయిల్ నా గడప తొక్కలేదు, నేరుగా ఆమె ఫోనుకే పోయింది. ఊరికి ఆ సంగతి చెప్పింది నేను కాదు, నాకు చెప్పడానికి ఊరే వచ్చింది. ముందు కాశింబీ, వెనక పాపను ఎత్తుకున్న ఖాదర్, ఆ వెనక లడ్ల పెట్టెతో మస్తాన్ రెడ్డి గారు. "మా హేచరీ నుంచి పోయిన వాటన్నిటిలో ఇదే నంబర్ వన్ సీడు," అని ఆయన బజారంతా వినిపించేలా అరిచారు. ఆమె తయారుచేసి పోయిన కొత్తమ్మాయికి ఆయన మొదటిరోజే అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇచ్చారని తర్వాత తెలిసింది. అది టైపు చేసే భాగ్యం నాకే దక్కింది. ఈసారి ఆయన్ను మగవాడిగానే ఉంచాను.

కాశింబీకి పోస్టింగు చెన్నైలోనే. చేరిన రోజు ఫోను చేస్తే, "ఎట్ల ఉండాదమ్మా ఎయిర్‌పోర్టు?" అని ఆత్రంగా అడిగాను. "ఇంకా చూళ్ళేదన్నా, ఫైళ్ళు చానా ఉండాయి," అని పెట్టేసింది.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఫారం నింపడం చేతిపని. నింపిన ఫారానికి జవాబు వస్తుందని నమ్మడం అందులో రెండో సగం. ఆ సగం పదమూడేళ్ళు చేయకుండానే పూర్తి పని చేశానని చెప్పుకున్నాను. చూడకుండా రాలేదనడం అబద్ధమే కాదు, తీర్పు కూడా. ఆ తీర్పు చెప్పే హక్కు నాకెవరూ ఇవ్వలేదు. ఇంతకుముందు ఇంకెందరి ఉత్తరాలు నా నిర్లక్ష్యం కింద నలిగాయోనని, ఆ వారమంతా పాత మెయిళ్ళన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. అదృష్టవశాత్తూ ఏమీ లేవు. లేవని ఈసారి చూసి చెప్పాను.

ఇప్పుడు నా సెంటరులో ఎవరి మెయిల్ వాళ్ళదే, ఎవరి పాస్‌వర్డు వాళ్ళ తలలోనే. మర్చిపోతారు, మళ్ళీ పెట్టిస్తాను, పని రెండింతలైంది. ఎవరైనా వచ్చి, "అన్నా, ఏమన్నా వచ్చిందా?" అని అడిగితే నేను జవాబు చెప్పను. నా కుర్చీ పక్కకు జరిపి, తెర వాళ్ళ వైపు తిప్పుతాను.